పెన్సిలుతో రాసిన పీరియడ్

ఆ హైస్కూల్లో టైంటేబుల్ చార్టు హెడ్మాస్టరు గది గోడకు వేలాడుతూ ఉంటుంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఐదు వరుసలు, రోజుకు ఎనిమిది పీరియడ్ల గళ్లు. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు, సాంఘికం. ఎనిమిదికొచ్చేసరికి సైన్సు అన్నదమ్ముల్లా రెండుగా వేరుపడి భౌతికశాస్త్రం, జీవశాస్త్రం అవుతుంది. ఇవన్నీ నీలం సిరాతో రాసి ఉంటాయి. పని విద్య, బొమ్మలు, ఆటలు మాత్రం హెడ్మాస్టరు సీతారాములు పెన్సిలుతో రాస్తాడు. పరీక్ష లేని సబ్జెక్టు ఎప్పుడు ఎటు జరుగుతుందో తెలియదు కాబట్టి పెన్సిలే మేలని ఆయన లెక్క. పదో తరగతి వరుసలో ఆ పెన్సిలు గళ్లు ఆగస్టులోనే చెరిగిపోయాయి. చెరిపిన చోట నీలం సిరాతో ‘లెక్కలు’ అని రాసింది హారిక.

హారిక లెక్కల టీచరు. ఉద్యోగంలో చేరి ఇది రెండో ఏడు. పుట్టపాక పక్క ఊళ్లో మగ్గాల ఇంట్లో పుట్టింది గాని తండ్రి ఆమెను పోగు ముట్టనివ్వలేదు. నువ్వు పుస్తకం ముట్టుకో బిడ్డా చాలు అనేవాడు. అలా పెరిగి, సూదిలో దారం ఎక్కించడం రాకుండానే ఆమె టీచరయింది. అదొక లోటని ఎవరూ అనలేదు, ఆమెకూ అనిపించలేదు.

సోమవారం మొదటి పీరియడ్. పదో తరగతి పరీక్షలకు ఇంకా నలభై రోజులున్నాయి. మర్రిగూడ రోడ్డు మీద పత్తి లారీలు పోతున్న చప్పుడుకు గొంతు పెంచి చెప్పాల్సి వస్తోంది. హారిక బోర్డు మీద లంబకోణ త్రిభుజం గీసి వెనక్కి తిరిగింది.

“రూపా, రా. నిరూపణ రాయి.”

రూప లేచింది. క్లాసులో ఆడపిల్లలందరికన్నా పొడుగు. నోటుపుస్తకాన్ని ఛాతీకి హత్తుకుని, తల వంచుకుని, లేచినచోటే నిలబడింది.

“రమ్మంటే నిలవడ్తవేంది?”

“రాదు మేడం.”

“నోట్సుల మంచిగనే రాసినవ్ కద?”

రూప నోటుపుస్తకాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.

“ఎవలది చూసి రాసినవ్?”

రూప కళ్లలో నీళ్లు తిరిగాయి గాని కిందికి రానివ్వలేదు. హారిక ఆమెను కూర్చోమని చేయి ఊపి విజేందర్ని పిలిచింది. వాడు క్లాసు ఫస్టు. బోర్డు పైఅంచు దగ్గర మొదలుపెట్టి గడగడా రాసేశాడు.

ఆడపిల్లలు బోర్డు దగ్గరికి రానే రారు. ఎప్పుడైనా బలవంతంగా లాక్కొస్తే నడుము ఎత్తులో, బోర్డు అడుగున రాసి పారిపోతారు. అది చదవడానికి హారిక వంగాల్సి వస్తుంది. ‘ఆడపిల్లలకు లెక్కలంటే భయం ఎక్కువ’ అని నవంబరు నివేదికలో రాసింది కూడా. పిల్లల్ని ఏ, బీ, సీ అని మూడు గ్రూపులు చేసినప్పుడు పన్నెండు మంది ఆడపిల్లల్లో తొమ్మిది మందిని సీలో వేసింది. సీ గ్రూపంటే పాసైతే చాలనే గుంపు. వాళ్లకు కష్టమైన అధ్యాయాలు చెప్పరు, ముప్పై ఐదు మార్కులకు సరిపోయే లెక్కలనే పదేపదే చేయిస్తారు. రూప పేరు ఆ కాగితంలో మొదట ఉంది.

మధ్యాహ్నం సీతారాములు సారు హారికను పిలిచి ఒక ఫారం చేతిలో పెట్టాడు. పదో తరగతి మెమోలో మార్కుల కింద పని విద్యకు కూడా ఒక గ్రేడు పడుతుంది. శుక్రవారం లోపల కంప్యూటర్లో ఎక్కించాలి.

“ఇరవై ఆరు మందికీ ‘ఏ’ గ్రేడు వేసిన. నాగులమ్మతోని సంతకం పెట్టియ్యి తల్లీ. రెండు నిమిషాల పని.”

నాగులమ్మ పని విద్య చెప్పే ఇన్‌స్ట్రక్టరు. పర్మనెంటు ఉద్యోగం కాదు, ఏడాదికొకసారి మళ్లీ తీసుకుంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వంటగది వెనక రేకుల షెడ్డే ఆమె క్లాసు. మూడు కుట్టుమిషన్లు, అందులో తిరిగేవి రెండు. ఆ ఊరి పాత బోరు ఫ్లోరైడు నీళ్లు చిన్నప్పటి నుంచీ తాగి ఆమె పళ్లు గోధుమరంగుకు మారాయి, మోకాళ్లు వంగవు. అందుకే కింద కూర్చోలేక ఇనుప స్టూలు మీద కూర్చుంటుంది. నవ్వినప్పుడు చేయి అడ్డం పెట్టుకోదు. వేళ్లు మాత్రం ఆ నీళ్లకు లొంగలేదు. హారిక వెళ్లేసరికి ఆరో తరగతి పిల్లలతో గుండీలు కుట్టిస్తోంది.

ఫారం తీసుకుని వేలుపెట్టి ఒక్కో పేరూ చదివింది. తిరిగి ఇచ్చేసింది.

“పెట్ట మేడం.”

“ఏం అక్కా?”

“నేను చెప్పనిదానికి నేనెట్ల గ్రేడిస్త? ఎనిమిదిల చెప్పిన. తొమ్మిదిల, పదిల గా పిల్లలు గీ షెడ్డు మొఖం చూళ్లే.”

“అందరికీ ‘ఏ’నే కద. పిల్లలకు మంచిదే కద.”

“మీ లెక్కల పేపరు దిద్దకుంట అందరికీ నూరు ఏస్తరా మేడం?”

హారికకు చిర్రెత్తింది.

“ఒక్క పూట ఇయ్యుండ్రి,” అంది నాగులమ్మ, ఒక పిల్ల చేతిలో సూదిని సరిచేస్తూ. “పరీక్ష పెడ్త. ఎవలకు ఎంతొస్తె అంత ఏస్త. అప్పుడు పెడ్త సంతకం. సెప్టెంబర్ల అడిగిన, దసరా అయినంక అడిగిన. నాలుగొద్దుల కింద సుత అడిగిన.”

మంగళవారం పొద్దున ఈ మాట విని సీతారాములు సారు కుర్చీలోంచి సగం లేచాడు. ఆయన చెడ్డవాడు కాదు. పదో తరగతి ఫలితాలు నూటికి నూరు రాకపోతే మీటింగులో అందరి ముందూ నిలబెడతారనే భయం ఆయనది. డిసెంబరు నుంచి సరిగా నిద్ర కూడా పోవడం లేదు.

“ప్రీఫైనల్ ముందల కుట్టు పరీక్షనా? పిల్లలు నవ్వరా? ఆమె గురించి ఏప్రిల్ల రాసేది నేనే. చెప్పింది వినదు అని ఒక్క ముక్క రాస్తె జూన్ల ఇంకొకలు వస్తరు. గిది ఆమెకు తెల్వదా?”

“తెలుసు సార్. తెలిసే అంటాంది.”

ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గాని హారికకు దాని బరువు తెలియలేదు. పదమూడేళ్లుగా ఆ షెడ్డులో పనిచేస్తున్న మనిషి, ఒక్క సంతకం దగ్గర ఉద్యోగాన్నంతా పెట్టి కూర్చుంది. అబద్ధం సంతకం పెడితే ఎవరికీ నష్టం లేదు, ఎవరూ అడగరు. అయినా పెట్టనంటోంది.

“రేపు మధ్యాహ్నం నా పీరియడ్లు రెండున్నయి సార్. ఇస్త. సంతకం అయిపోతది, పీడ పోతది.”

“ఇయ్యి. గని అటెన్క కూడ సంతకం పెట్టకపోతె నన్ననొద్దు.”

సాయంత్రం నాగులమ్మ పదో తరగతి గుమ్మంలో నిలబడి ఒక్కటే చెప్పింది. “రేపు మీ రెండో జత స్కూలు బట్టలు తెచ్చుకోండ్రి. మీ ఒంటికి సరిపోయేటట్టు చేసుకోవాలె. గదే పరీక్ష.”

మగపిల్లలు కిసుక్కుమన్నారు. ఆడపిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరూ నవ్వలేదు.

బుధవారం రెండున్నరకు ఇరవై ఆరు మంది షెడ్డులోకి వచ్చారు. సర్కారు ఇచ్చే యూనిఫాం కథ హారికకు అప్పటిదాకా తెలియదు. పిల్లల కొలతలు మార్చిలో తీసుకుంటారు, బట్టలు కుట్టి వచ్చేసరికి ఆగస్టు అవుతుంది. పద్నాలుగేళ్ల పిల్ల ఆ ఐదు నెలలూ ఎదగకుండా ఆగుతుందా? మగపిల్లల ప్యాంట్లు చీలమండ పైకి పోతాయి. ఆడపిల్లల టాపులు భుజాల దగ్గర, చంకల దగ్గర, ఛాతీ దగ్గర బిగుసుకుంటాయి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ప్రతి ఆగస్టులోనూ నాగులమ్మ దగ్గర కూర్చుని తమవి తామే సరిచేసుకుంటారు. పదో తరగతికి ఆ పీరియడ్ లేదు. పొద్దున ఎనిమిదికి వచ్చి సాయంత్రం ఆరుకు పోయే పిల్లలకు ఇంటి దగ్గర తీరికా లేదు, మిషనూ లేదు.

నాగులమ్మ మూలనుంచి ఒక గోనెసంచి లాగించింది. ప్రతి ఏడూ కత్తిరింపుల్లో మిగిలిన యూనిఫాం గుడ్డ ముక్కలు అందులో దాచిపెట్టింది. “మీ రంగు గుడ్డ బజార్ల దొరకది,” అంటూ పంచింది. “కత్తెర సంచిల ఉన్నది. ముందుగాల తీయకుండ్రి. ముందు చూడుండ్రి, అటెన్క కుట్టు ఇప్పుండ్రి, అందరికన్న ఎనక కత్తెర.”

“టీచర్, గిది ఆడోళ్ల పని కద?” అన్నాడు విజేందర్.

“మీ ఊళ్లె దర్జీ ఎవరు?”

“ఐలేశం.”

“గాయన మీసాలు చూసినవా ఎన్నడన్న?”

షెడ్డంతా నవ్వింది. విజేందర్ కూడా నవ్వి, ప్యాంటు బల్ల మీద పరిచి స్కేలుతో చకచకా కొలిచాడు. అడుగు మడత వంకరగా ఉందని అనిపించి, ముందు దాన్ని సాపు చేద్దామని చుట్టూ రెండంగుళాలు తిన్నగా కత్తిరించేశాడు. కిందికి వదలాల్సిన గుడ్డంతా ఆ మడతలోనే ఉందని ఆ తర్వాత చూసుకున్నాడు. చేతిలో గుడ్డ పట్టీ, బల్ల మీద ఇంకా పొట్టిదైన ప్యాంటు. నూటికి నూరు తెచ్చుకునే పిల్లవాడు అంత దీనంగా ఉండడం హారిక ఎప్పుడూ చూడలేదు.

రూప కిటికీ దగ్గర కూర్చుంది. టాపు లోపలి వైపు తిప్పి, చంక దగ్గర నాలుగు కుట్లు కలిసే చోటు వెతికింది. సూదిమొనతో ఒక్కో పోగూ లేపి, గుడ్డ చిరగకుండా విప్పింది. సంచిలోంచి తెచ్చిన ముక్క మీద సుద్దతో చదరం గీసింది. కత్తిరించి, నేరుగా పెట్టకుండా మూలలు పైకీ కిందికీ, అటూ ఇటూ వచ్చేట్టు తిప్పి పెట్టింది. వేళ్ల మధ్య రెండు సూదులు, పెదవుల మధ్య ఒకటి. తల ఎత్తడం లేదు.

హారిక ఆమె పక్కన నిలబడింది. “గట్ల వంకరగ ఎందుకు పెట్టినవ్?”

రూప పెదవుల్లోంచి సూది తీసింది. “నాలుగంగుళాల చదరం మేడం. నిలువుగ పెడితె నాలుగే ఒదులొస్తది. గిట్ల పెడితె అయిదున్నర దాటి వస్తది. కుట్టుకు పోంగ సుత అయిదు మిగుల్తది.”

“అయిదున్నర అని ఎట్ల తెలిసింది? కొలిచినవా?”

“కొలుచుడు ఎందుకు? కర్ణం కద మేడం. నాలుగు రూట్ రెండు.”

అని మళ్లీ సూది పెదవుల మధ్య పెట్టుకుని కుట్టుకుంటూ పోయింది. సోమవారం ‘ఎవలది చూసి రాసినవ్’ అని తాను అడిగిన మాట హారికకు గుర్తొచ్చింది.

ఇక గ్రేడు వేయాలి. నాగులమ్మ కుట్లు లెక్కపెట్టలేదు, అద్దాలు పెట్టుకోలేదు. మగపిల్లల ప్యాంట్లు ముందు చూసి వాళ్లను బయటికి పంపి, షెడ్డు మూలన దుప్పటి కట్టించింది. ఒక్కో ఆడపిల్లా దాని వెనక బట్టలు మార్చుకుని రావాలి. వచ్చి దర్వాజ కింద నిలబడాలి.

“చెయ్యెత్తు. పైచెక్క ముట్టు.”

మొదటి పిల్ల భయంభయంగా చేయి ఎత్తింది. కుట్టు కొంచెం పటపటా పలికింది. “బీ,” అంది నాగులమ్మ. “ఒదులు చాలలే. రేపు సరిచేసుకో.” రెండో పిల్ల. మూడో పిల్ల. నాలుగో పిల్ల చేయి ఎత్తి చెక్క ముట్టి, తానే నమ్మలేనట్టు రెండో చేయి కూడా ఎత్తి, రెండు చేతులతో దర్వాజ పట్టుకుని ఊగింది. అందరూ చప్పట్లు కొట్టారు.

రూప వచ్చింది. మడమలు ఎత్తకుండానే అరచేయి మొత్తం పైచెక్కకు ఆనించింది. టాపు కదల్లేదు, కుట్టు మాట్లాడలేదు. చేయి దింపకుండా అలాగే కాసేపు నిలబడింది.

అప్పుడు తెలిసింది హారికకు. పుస్తకాలు ఛాతీకి ఎందుకు హత్తుకుంటారో. బోర్డు అడుగున ఎందుకు రాస్తారో. చేయి ఎత్తితే కుట్టు పిగిలే బట్ట వేసుకుని, వెనక పద్నాలుగు మంది మగపిల్లలు చూస్తుంటే ఏ ఆడపిల్ల మాత్రం బోర్డు దగ్గరికి వస్తుంది? ఆరు నెలలు ఆ పిల్లల్ని చూస్తూ, వాళ్లకు లెక్కల భయమని రాసింది.

పిల్లలు వెళ్లాక అడిగింది. “నాకన్న ముందే ఎందుకు చెప్పలేదక్కా?”

“చెప్పిన మేడం. గా పిల్లలకు నాతోని పనున్నది అన్న. మీరేమో త్రిభుజాలు అయిపోనీ అన్నరు.” నాగులమ్మ ముక్కలు ఏరి సంచిలో వేస్తోంది. “సారుకేమో గీ ముచ్చట మగాయనకు ఎట్ల చెప్పాలె? ఇగ పిల్లలు ఎవలకు చెప్తరు, పాపం.”

మాటలో నిష్ఠూరం లేదు. అదే హారికను ఎక్కువ బాధపెట్టింది.

గురువారం మొదటి పీరియడ్‌లో హారిక ఎవరి పేరూ పిలవలేదు. త్రిభుజం గీసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, పక్కకు జరిగింది.

“ఎవరొస్తరు?”

బెంచీ కదిలిన చప్పుడయింది. రూప లేచి వచ్చింది. చేతిలో నోటుపుస్తకం లేదు. సుద్ద తీసుకుని, బోర్డు పైఅంచు దగ్గర, విజేందర్ మొదలుపెట్టినంత పైన మొదటి పంక్తి రాసింది. ‘ఇచ్చినది’. ‘నిరూపించవలసినది’. అక్కడినుంచి లంబం దింపి, సరూప త్రిభుజాలు విడదీసి, ఒక్క చోట తడబడి, చేత్తోనే తుడిచి, మళ్లీ రాసింది. ఆఖరి పంక్తికి బోర్డు నిండింది. వెనక్కి తిరిగి చేతులు దులుపుకుంది.

పీరియడ్ అయ్యాక హారిక ఆమెను వరండాలో ఆపింది.

“సోమవారం నాడే నాకు చెప్పుంటె అయిపోతుండె కద రూపా?”

రూప తల ఎత్తి నేరుగా చెప్పింది. “మీరు ఎవలది చూసి రాసినవ్ అని అడిగిండ్రు మేడం. చెయ్యి ఎందుకు లేస్తలేదని అడగలే.”

“తప్పు నాదే,” అంది హారిక.

శుక్రవారం నాగులమ్మ సంతకం పెట్టిన ఫారం హెడ్మాస్టరు బల్ల మీదికి వచ్చింది. ‘ఏ’లు తొమ్మిది, ‘బీ’లు పదకొండు, ‘సీ’లు ఆరు. సీతారాములు సారు అద్దాలు సరిచేసుకున్నాడు.

“విజేందర్‌కు సీ నా? స్కూల్ ఫస్టొచ్చే పిల్లగానికి?”

“మడత ఇప్పకముందే కత్తిరిచ్చిండు సార్. వాడే ఒప్పుకుండు. పరీక్షలు అయినంక వచ్చి నేర్చుకుంటనన్నడు.” హారిక ఇంకో కాగితం ముందుకు జరిపింది. “నా సీ గ్రూపు లిస్టు సార్ గిది. నిన్న, ఇయ్యాల బోర్డు మీద చేపిచ్చి చూసిన. తొమ్మిది మందిల ఏడుగురు సీ కాదు. రూపనైతె ‘ఏ’ల పెట్టాలె.”

“రెండు రోజులల్ల గంత మార్పా? ఏం చెప్పినవమ్మా?”

“నేనేం చెప్పలె సార్. నాగులమ్మక్క చెప్పింది.”

ఎలాగో, ఏమిటో చెప్పడానికి హారికకు కూడా మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది. తన చేయి పైకెత్తి, చంక దగ్గర బట్ట పట్టి లాగి చూపించింది. సారు మొదట అర్థం కానట్టు చూశాడు. ఆయనకూ ఇద్దరు కూతుళ్లున్నారు. అర్థమయ్యాక అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, గోడమీది చార్టు వైపు చూశాడు.

“ఎంతమంది?”

“పన్నెండు మంది సార్. పోయినేడు పదో తరగతి పిల్లలను కలిపితె ఇంకెందరో.”

ఆయన సొరుగు లాగి తెల్లకాగితం తీశాడు. “ఏప్రిల్ దాక ఎందుకు, ఇప్పుడే రాస్త. ఏం రాయాలె చెప్పు.”

“మూడుసార్లు అడిగితె మనం పీరియడ్ ఇయ్యలేదని రాయుండ్రి సార్.”

సీతారాములు సారు ఆమె వైపు ఒకసారి చూసి, కలం మూత తీశాడు. ఈమె లేనిదే ఈ పాఠశాల నడవదు అని మొదటి వాక్యం రాశాడు. రాసింది తానే ఒకసారి చదువుకుని, కింద గీత గీశాడు. తర్వాత పెన్సిలు తీసి హారిక వైపు చాచి, చార్టు చూపించాడు.

హారిక పెన్సిలు తీసుకోలేదు. తన కలంతో పదో తరగతి వరుసలో, బుధవారం ఆఖరి గడిలో ‘లెక్కలు’ కొట్టేసి, నీలం సిరాతో ‘పని విద్య’ అని రాసింది.

అక్కణ్నుంచి షెడ్డుకు వెళ్లింది. ఆరో తరగతి పిల్లలు గుండీలు కుడుతున్నారు. మేడం వచ్చిందని లేవబోయిన వాళ్లను కూర్చోమని, వెనక బెంచీలో ఒక పిల్ల పక్కన ఇరుక్కుని కూర్చుంది.

“ఏంది మేడం? ఇంకేమన్న సంతకాలున్నయా?” అంది నాగులమ్మ.

“లేవక్కా. నాకో సూది ఇయ్యి.”

నాగులమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. హారిక దారం కొసను సూది బెజ్జానికి మూడుసార్లు గురిపెట్టి మూడుసార్లూ తప్పడం కూడా చూసింది. గోధుమరంగు పళ్లన్నీ కనిపించేట్టు నవ్వింది.

“దారం జర కొస కత్తిరిచ్చుకో బిడ్డా,” అంది.